తునికాకు కట్టకు సినిమా కథ

పోయిన నెలలో ఒక ఆదివారం పొద్దున మా ఇంట్లో చిన్న యుద్ధమే జరిగింది. నేనిప్పుడు ఖమ్మంలో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. మా మనవరాలికి ఒక సినిమా హీరో అంటే ప్రాణం. అతని బొమ్మను గుండ్రటి చెక్కముక్కల మీద రంగులతో వేసి, తాళంచెవులకు తగిలించుకునేట్టు రింగు బిగించి, అడిగినవాళ్ళకల్లా ఊరికే పంచిపెడుతూ ఉండేది. ఈ మధ్య రంగులకూ చెక్కకూ చేతి ఖర్చు ఎక్కువైపోతోందని ఒక ధర పెట్టింది. అంతే, ఫోనులోని అభిమానుల గుంపంతా దాని మీద పడింది. నువ్వు అభిమానివా దుకాణదారువా అని ఒకరు, మన హీరో మొహం అమ్ముకుని తింటావా అని ఇంకొకరు. పిల్ల టిఫిను మానేసి కూర్చుంది. కష్టం చేసినప్పుడు తీసుకోవాల్సిందేనని మా అమ్మాయి అంది. అభిమానం అన్నాక ఊరికే ఇవ్వాలి, లేకపోతే దాన్ని అభిమానం అని ఎలా అంటారని మా అల్లుడు అన్నాడు. చివరికి ముగ్గురూ నా వైపు తిరిగారు. నేను మాత్రం నా టీ చల్లారిపోతోందని గ్లాసు పట్టుకుని వాకిట్లోకి వచ్చేశాను.

చెప్పడానికి మాట లేక కాదు. చెప్పాలంటే తునికాకు దగ్గర మొదలుపెట్టాలి, బీడీలు చుట్టే ఆకు అంటేనే మా మనవరాలు బీడీ ఎలా ఉంటుందని అడుగుతుంది. నా ఈడు వాళ్ళు, ఎండాకాలంలో చర్ల వైపో ఇల్లందు వైపో అడవి పక్క ఊళ్ళలో ఉన్నవాళ్ళు, మీకయితే ఇంత వివరం అక్కర్లేదు. అందుకే ఇంట్లో చెప్పని మాట మీకు చెప్పుకుంటున్నాను.

మాది మధిర దగ్గర పల్లె. మా నాన్న నన్ను చర్ల అవతలి ఊరికిచ్చి పెళ్లి చేశాడు. పొలం చూసి ఇచ్చాడే గాని మనిషిని చూసి కాదని మా అమ్మ చాలా ఏళ్లు సాధించింది. తీరా వచ్చి చూస్తే ఆ పొలం కూడా అన్నదమ్ముల వాటాల్లో చిక్కి, వాన పడితే ఒక పంట, పడకపోతే అదీ లేదు. మా అత్తవారి తాతలు ఎప్పుడో కిందివైపు మైదానం ఊళ్ళ నుంచి వచ్చి అక్కడ స్థిరపడ్డవాళ్ళే అయినా మాట మాత్రం పూర్తిగా అక్కడిదే. పెళ్లయిన కొత్తలో మా ఆయన నన్ను భద్రాచలం రాముడి దర్శనానికని బయల్దేరదీశాడు. గోదావరి స్నానం సగం, దర్శనం సగం, ప్రసాదం నోట్లో ఉండగానే మ్యాట్నీకి వేళ మించిపోతోందని చెయ్యి పట్టుకుని లాక్కుపోయాడు. రాముణ్ణి కన్నార్పకుండా చూడనివ్వని మనిషి, హాల్లో మూడు గంటలు తెర మీద నుంచి కన్ను తిప్పలేదు. పక్కన కొత్త పెళ్ళాం ఉందన్న ధ్యాసే లేదు. హీరో మాట్లాడుతుంటే ఈయన పెదవులు కదులుతున్నాయి. నేను ఎవరిని కట్టుకున్నానో నాకు ఆ పూట తెలిసింది.

ఆ హీరో పేరు చెప్పను. చెబితే ఇంకో హీరోను మోసినవాళ్ళు నా మీదికి వస్తారు, ఈ వయసులో నాకెందుకు.

ఎనభైల మొదట్లో మాట ఇది. మా వైపు సినిమా హాలు లేదు. భద్రాచలం బస్సు వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. వానాకాలం వాగులు పొంగితే దాని ఊసే ఉండదు. మా ఊరి చుట్టూ ఉన్న కోయ గూడేల్లో సినిమా చూసినవాళ్ళు ఎక్కడో ఒకరు. మా ఆయన తన హీరో బొమ్మ విడుదలైందంటే చాలు, ఇంట్లో ఎంత పని ఉన్నా బస్సెక్కి పోయేవాడు. వరసగా ఆటలన్నీ చూసి, మర్నాడు కళ్ళు ఎర్రగా చేసుకుని దిగేవాడు. దిగినవాడు ఊరుకుంటాడా, ఆ సినిమా మొత్తం చూడనివాళ్ళకు చెప్పి తీరాలి. చెప్పడమంటే ఏదో కథ ఇదీ అని పొడిపొడిగా కాదు. హీరో నడక నడిచేవాడు, హీరోయిన్ సిగ్గు పడేవాడు, విలను నవ్వు నవ్వేవాడు. తొడల మీద చరిస్తే గుర్రాలు పరుగెత్తేవి, ఎండుటాకులు అరచేతుల మధ్య నలిపితే వాన కురిసేది. పాటలకు బువ్వ గిన్నె బోర్లించి వాయించేవాడు. తెలుగులో మొదలుపెట్టి మధ్యమధ్యలో గూడెం వాళ్ళ మాట కలిపేవాడు, దాంతో ముసలివాళ్ళు కూడా దగ్గరికి జరిగేవాళ్ళు. రైలు ఎరగనివాళ్ళు ఆయన నోట్లో రైలు చూశారు.

సినిమాలో లేని ముక్క తన నోటి వెంట రాదని ఆయనకు గొప్ప నమ్మకం. కానీ ఆయన చెప్పే సినిమాలో హీరో తల్లి పొద్దున్నే జొన్న అంబలి తాగేది. పట్నం పోలీసు అచ్చం మా ఫారెస్టు గార్డులాగే గొడ్డలి లాక్కుని దబాయించేవాడు. నేను కూడా చూసిన బొమ్మే కదా, ఆవిడ అంబలి ఎక్కడ తాగిందయ్యా అని అడిగితే, "సినిమాల గట్లనే ఉందే, నువ్వప్పుడు కునికినవ్" అని నన్నే తప్పు పట్టేవాడు. నాకేమనిపిస్తుందంటే, పాలు ఆ సినిమా వాళ్ళవి, తోడు మా ఆయనది. తీరా తయారైన పెరుగు ఎవరిదో తేల్చడం నా వల్ల కాదు.

ఈ కథలన్నిటికీ వేళ తునికాకు రోజుల్లోనే. మీకు గుర్తుండే ఉంటుంది, తెల్లవారకముందే అడవిలోకి పోయి ఆకు తెంపడం, ఎండ ముదిరేసరికి మూటలు మోసుకొచ్చి ఇప్పచెట్ల నీడన కూర్చుని యాభై ఆకుల లెక్కన కట్టలు కట్టడం, పొద్దువాలాక ఆకు కొనే కల్లానికి పోయి, లెక్క రాసుకునే కల్లేదారుకు అప్పజెప్పడం. ఆ కట్టలు కట్టే మధ్యాహ్నం పూట ఎంత విసుగో పడినవాళ్ళకే తెలుస్తుంది. వేళ్ళకు జిగురు, కంటికి చెమట, నారలో తేళ్ళు. అలాంటి పూట మా ఆయన గొంతు సవరించుకుంటే చాలు, రెండు గూడేల వాళ్ళూ ఆ నీడకే చేరేవాళ్ళు. ఒక సినిమా రెండు మధ్యాహ్నాలు పట్టేది. మధ్యలో ఇంటర్వెల్ కూడా ఇచ్చి, అందరినీ నీళ్ళు తాగి రమ్మనేవాడు.

ఇక్కడే నాకు మండేది. ఆయన చెబుతుంటే వాళ్ళ చేతులు జోరుగా ఆడేవి, ఆయన చేతులు గుర్రాలయ్యీ వానలయ్యీ ఆగిపోయేవి. ఆయన తెంపిన ఆకు కూడా నేనే కట్టాలి. సాయంత్రం కల్లంలో అందరి కంటే చిన్న కుప్ప మాదే ఉండేది. పై నుంచి బస్సుకూ టికెట్లకూ ఖర్చు మాది, గొంతు నొప్పికి మిరియాల కషాయం కాచే పని నాది. ఆ హీరోకు ఈయన ఎవరో తెలియదు. విన్నవాళ్ళు ఇంటికి పోయి హాయిగా పడుకుంటారు. మధ్యలో నేనొక్కదాన్ని ఎవరి కోసం చేతులు అరగదీసుకుంటున్నానో నాకు అర్థమయ్యేది కాదు. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను, కథ వినే ప్రతి ఇల్లూ మన కుప్ప మీద ఒక కట్ట పెడితే తప్పేమిటని. ఆయన మొహం చూడాల్సింది. తాళిబొట్టు అమ్మి కల్లు తాగుదామన్నట్టు చూశాడు.

"అభిమానం అమ్ముకొని బతుకుదమంటవా? గా హీరో నాకేమన్న బాకీ ఉన్నడా?" అన్నాడు.

బాకీ ఉన్నది హీరో కాదు, ఈ నీడన కూర్చున్నవాళ్ళు అన్నాను నేను. రెండు రోజులు మాటల్లేవు. మూడో మనిషిగా మా అత్త కల్పించుకుని, "హరికథ చెప్పెటోనికి పళ్ళెంల ఏస్తరు, బుర్రకథ చెప్పెటోనికి చేటల పోస్తరు, నా కొడుకు నోరే ఉత్తపుణ్యానికి దొరికిందా?" అంది. అత్తాకోడళ్ళం ఒక మాట మీద నిలబడ్డది మా కాపురంలో ఆ ఒక్కసారే. ఆయన దానికీ జవాబు చెప్పాడు. వాళ్ళది వృత్తి, తనది పిచ్చి, పిచ్చికి కూలి ఉంటుందా అన్నాడు. ఇప్పుడు మా అల్లుడు అన్న మాట కూడా దాదాపు అదే. కాకపోతే మా అల్లుడు ఫ్యాను కింద కూర్చుని అన్నాడు.

నేను ఊరుకోలేదు. మర్నాడు ఆకు తెంపేటప్పుడు గూడెం ఆడవాళ్ళతో నేనే మాట కదిపాను. వాళ్ళు బేరం ఆడలేదు, చిన్నబుచ్చుకోలేదు. అవ్, న్యాయమే గదా అన్నారు. ఆ మధ్యాహ్నం కథ మొదలయ్యే ముందు ఒక్కొక్కరే వచ్చి మా గోనెపట్టా మీద కట్ట పెట్టి పోయారు. మా ఆయన అటు చూడనట్టు ఇప్పచెట్టు కొమ్మలు చూస్తూ నిలబడ్డాడు. కానీ ఉన్నమాట చెప్పాలి, ఆ ఏడు ఆయన ఎంత బాగా చెప్పాడో అంతకు ముందు ఎప్పుడూ చెప్పలేదు. తీసుకున్నందుకు తక్కువ కాకూడదన్న పట్టుదల వచ్చింది. భద్రాచలంలో పాటల పుస్తకాలు కొనుక్కొచ్చి పొలం గట్టు మీద సాధన చేసేవాడు. ఆ వానాకాలానికి మా ఇంటి మీద తాటాకు పోయి పెంకు వచ్చింది. ఆ పెంకు కింద కూర్చుని వాన చప్పుడు విన్న మొదటి రోజు నేను ఎంత గర్వపడ్డానో చెప్పలేను, ఆయన కూడా కాసేపు పైకి చూసి నవ్వాడు.

మరుసటి ఎండాకాలానికి ఏదో మారింది. ఏం మారిందో మొదట నాకు తెలియలేదు. ఊరికే విన్నన్నాళ్ళు ఆయన ఏది చెబితే అది విన్నారు. కట్ట పెట్టాక మాట అనే హక్కు వచ్చింది. ఒకడు ఫైటింగు మళ్ళీ చెప్పమంటాడు. ఒకామె పాట చిన్నదైపోయిందంటుంది. వెనక కూర్చున్నవాళ్ళు తమకు వినబడలేదని, తమ కట్ట మాత్రం ముందువాళ్ళ కట్ట లాంటిదేనని నవ్వుతూనే దెప్పేవాళ్ళు. ఇవన్నీ పట్టించుకోనక్కర్లేదు. కానీ చూపు సరిగా ఆనని ఒక ముసలామె ఉండేది, మేమందరం పెద్దమ్మా అని పిలిచేవాళ్ళం. రోజంతా తడుముకుంటూ కట్టినా ఆమెవి గుప్పెడు కట్టలే అయ్యేవి. అందులోంచి ఒకటి ఇవ్వలేక, ఇవ్వకుండా కూర్చోలేక, అవతల ఇంకో చెట్టు కిందికి మారింది. మాకు వీపు పెట్టి, వింటున్నట్టు కనబడకుండా కూర్చునేది. నీ దగ్గర ఏమీ వద్దు పెద్దమ్మా, రా అని నేనే వెళ్ళి పిలిచాను. ఎండ ఇటు రావడం లేదు బిడ్డా, ఇక్కడే సల్లగుంది అంది. ఆ రోజు నుంచి మా ఆయన కథను అరుస్తూ చెప్పడం మొదలుపెట్టాడు. గుసగుసలాడాల్సిన ప్రేమ మాటలు కూడా గొంతు చించుకుని అరిచేవాడు. అందరూ నవ్వేవాళ్ళు. ఎవరి కోసమో నాకూ ఆయనకూ తెలుసు, మేమిద్దరం దాని గురించి ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

ఆ వేసవిలోనే ఆయన హీరో చచ్చిపోయే సినిమా వచ్చింది. చూసి వచ్చిన రోజు అన్నం ముట్టలేదు. పొలానికి కూడా పోకుండా అరుగు మీద కూర్చుని, అంత బాగా ఎట్ల చేసిండో, అంత బాగా ఎట్ల చేసిండో అని తనలో తనే అనుకున్నాడు. ఇన్నేళ్ళలో ఆ హీరో అంత గొప్పగా నటించింది ఎప్పుడూ లేదట. స్నేహితుడి ఒళ్ళో తలపెట్టి, ఏడవకుండా, అతన్ని ఓదారుస్తూ కన్నుమూస్తాడట. ఆ చావు చెప్పాలని ఆయన ఒళ్ళంతా తపించిపోయింది. మొదటి మధ్యాహ్నం సగం కథ చెప్పాడు. రెండో మధ్యాహ్నం జనం మామూలు కంటే ఎక్కువ వచ్చారు, మా పట్టా మీద కట్టలు పట్టలేదు. హీరోకు దెబ్బ తగిలిన దగ్గరికి వచ్చేసరికి ఆయన గొంతులోనే ఏదో తెలిసిపోయింది. అందరి చేతులూ ఆగాయి. గూడెంలో ఒక పడుచువాడు నిలబడి, "మావా, కట్టలిచ్చినం గదా, ఇప్పుడు సంపుతవా ఏంది?" అన్నాడు.

మొదట నవ్వారు. తర్వాత నవ్వులు ఆగిపోయి, బతకాలె బతకాలె అని ఒక్కొక్కరే అందుకున్నారు. అది దబాయింపు కూడా కాదు, ఇంట్లో మనిషి కోసం మొక్కుకున్నట్టుంది. మా ఆయన నా వైపు చూశాడు. నేను కట్ట ముడి వేస్తూ, బతికించరాదూ, ఏం పోయింది అన్నాను. ఇప్పటికీ ఆ మాటలో నాకు తప్పు కనబడదు. సినిమాలో చచ్చినవాడు అడవిలో బతికితే ఎవరికి నష్టం? మా ఆయన కథలోకి అడవిలోంచి ఒక ముసలాయన్ని రప్పించాడు. ఆ ముసలాయన వంగి నాడి చూసి, ఏదో ఆకు తెంపి, అరచేతిలో నలిపి, గాయం మీద పసరు పిండాడు. నేను కూడా ఆ కాసేపు చేతులు ఆపి చూశాను. మా ఆయన ముసలాయన అయ్యాడు, ఆకు అయ్యాడు, పసరు చుక్క అయ్యాడు. హీరో కన్ను తెరవగానే ఆ చెట్ల కింద లేచిన కేక వాగు అవతలికి వినబడి ఉంటుంది. అవతలి చెట్టు కింద పెద్దమ్మ ఇటు తిరిగి మరీ నవ్వింది.

ఇంటికి వచ్చాక ఆయన అరుగు మీద కూలబడ్డాడు. ఎందుకలా ఉన్నావంటే, "ఆయన గంత మంచిగ సచ్చిపోయిండే. నేను దాసిపెట్టిన" అన్నాడు. నాకు నవ్వొచ్చింది, నవ్వాను కూడా. ఆ హీరో జేబులోంచి ఈయన పైసా తీసుకోలేదు, అయినా ఆయన చావును దాచిపెట్టినందుకు దొంగతనం చేసినట్టు బాధపడుతున్నాడని నాకు అప్పుడు అర్థం కాలేదు.

చలికాలం వచ్చింది. చర్ల సంత దగ్గర డేరా టాకీసు వేశారు. ఒకే మిషను, రీలు రీలుకూ ఆట ఆపడం, నేల టికెట్టు, అప్పడాల బుట్టలు, మీకు తెలియంది కాదు. తిప్పితిప్పి ఆ బొమ్మనే తెచ్చారు. మా గూడేల వాళ్ళంతా పిల్లాజెల్లాతో బండ్లు కట్టుకుని మొదటి ఆటకు పోయారు. తమకు తెలిసిన సినిమా కదా, ముందే ఒకరికొకరు చెప్పుకుంటూ, అదిగో ఇప్పుడు విలను వస్తడు చూడు అంటూ మురిసిపోయారు. చివరికి హీరో స్నేహితుడి ఒళ్ళో తల పెట్టాడు, కళ్ళు మూశాడు, లైటు వెలిగింది. ఎవరూ లేవలేదు. ముసలాయన ఇంకా రాలేదు కదా, ఇంకో రీలు ఉందనుకుని కూర్చున్నారు. డేరా వాళ్ళు లేవమన్నాక గొడవ మొదలైంది. పసరు పోసే రీలు ఎటు పోయింది, తొందరగా కట్టేసుకుపోదామని ఆఖరు రీలు మింగేస్తారా అని మగవాళ్ళు డేరా గుంజలు పట్టుకున్నారు. రీళ్ళు మింగడం డేరా వాళ్ళకు అలవాటే కాబట్టి వేరే ఊళ్ళ వాళ్ళు కూడా వీళ్ళకే వత్తాసు పలికారు. మిషను నడిపే అతను ఒట్లు పెట్టుకున్నాడు. ఎవరో అతని చొక్కా పట్టుకున్నారు. అప్పుడు గూడెం పడుచువాడు మా ఆయన్ని ముందుకు తోసి, మా మావ భద్రాచలంల కండ్లార చూసిండు, ఆయన్నడుగుండ్రి అన్నాడు.

అవునంటే ఆ మిషను అతనికి తన్నులు తప్పవు. కాదంటే మేం రెండు గూడేల చేతా కట్టలు పెట్టించుకుని అబద్ధం చెప్పినట్టవుతుంది. ఆయన ఎక్కువసేపు ఆలోచించలేదు. "ఇడ్వుండ్రి ఆయన్ని. సినిమా గింతే. పసరు నాది" అన్నాడు.

ఒక్కరూ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. కట్టలు తిరిగి ఇమ్మనీ అడగలేదు. బండ్లు ఎక్కి వెనక్కి వచ్చేశారు. ఆ హీరో చచ్చిపోయినందుకు ఏడవాలో, చెప్పినతను అబద్ధం చెప్పినందుకు ఏడవాలో వాళ్ళకు తెలిసినట్టు లేదు.

మళ్ళీ వేసవి వచ్చింది. వాళ్ళు ఎప్పటిలాగే వచ్చి మా పట్టా మీద కట్టలు పెట్టి కూర్చున్నారు, అంత మంచివాళ్ళు. ఆయన గొంతు సవరించుకుని కొత్త సినిమా మొదలుపెట్టాడు. హీరో తల్లి పొద్దున్నే లేచి అంబలి తాగింది. ఒకామె ఎంతో మర్యాదగా, "గిది సినిమాలదా మావా, నీదా?" అని అడిగింది. ఆయన ఆగి, సినిమాలదే అన్నాడు. కాసేపటికి పోలీసు వచ్చాడు. ఇంకొకరు అదే అడిగారు. ఎగతాళి లేదు, కోపం లేదు, ఇచ్చిన కట్టకు ఏది వస్తోందో తెలుసుకోవాలన్న మామూలు ప్రశ్న. ఆయనకు మాత్రం ఆ అంబలి ఎవరిదో మొదటిసారి సందేహం వచ్చినట్టుంది. తర్వాత ఒక్కొక్క మాటా వెతుక్కుంటూ, ఇది ఉందా లేదా అని గుర్తు చేసుకుంటూ చెప్పాడు. గుర్రాలు పరుగెత్తలేదు. ఇంటర్వెల్ రాకముందే ఒక మాట మధ్యలో ఆగిపోయి, కూర్చుని, ముందున్న ఆకు తీసి దొంతి పేర్చడం మొదలుపెట్టాడు. తర్వాత చెబుతాడేమోనని అందరూ ఎదురుచూశారు. ఎవరి కట్ట వాళ్ళకు నేనే తీసుకెళ్ళి ఇచ్చాను, కొందరు తీసుకోలేదు.

ఆ తర్వాత ఆయన సినిమా చెప్పలేదు. ఆ చేతులు ఎంత చురుకైనవో నాకు అప్పుడే తెలిసింది. ఆకు పేర్చడం, నార తిప్పడం, ముడి బిగించడం, నా కంటే ముందు ఆయనే కట్టేవాడు. కల్లంలో మా కుప్ప అందరి కుప్పల సరసన నిలబడింది. నేను ఏళ్ళ తరబడి అడిగింది అదే. కల్లేదారు మెచ్చుకున్న రోజున నాకు ఇంటికి వచ్చి అన్నం వండబుద్ధి కాలేదు.

తర్వాత రోడ్డు వచ్చింది, కరెంటు వచ్చింది, తొంభైల్లో మా ఇంట్లోకి టీవీ కూడా వచ్చింది. ఒకరోజు మధ్యాహ్నం ఆ సినిమానే వేశారు. చివరి సీను దగ్గర పడగానే ఆయన గేదెకు కుడితి పెట్టాలని లేచి పోయాడు. నేను చూశాను. ఆయన చెప్పింది నిజమే, ఆ హీరో ఎంత బాగా చచ్చిపోయాడో. అయినా నాకు సినిమా అయిపోయినట్టు అనిపించలేదు. పేర్లు పడుతున్నా, వార్తలు మొదలైనా, ఆ ముసలాయన వస్తాడని కూర్చున్నాను. మా ఆయన లోపలికి వచ్చాక సిగ్గు విడిచి అడిగాను, ఆ పసరు సంగతి నాకొక్కసారి చెప్పవా అని. "కట్ట పెట్టు మరి" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు, వేళాకోళానికే అన్నాడు. నేను నవ్వలేకపోయాను, ఆయన చెప్పనూ లేదు. ఆయన పోయి కూడా కొన్నేళ్ళయింది.

మా మనవరాలికి ఏమని చెప్పను? తీసుకోవద్దంటే, ఆ పూట ఎవరి చేతులు రెండింతలు పని చేస్తున్నాయో చూసే కళ్ళు ఎవరికీ ఉండవు, అది నాకు తెలుసు. తీసుకోమంటే, అవతలి చెట్టు కింద వీపు పెట్టి కూర్చునేవాళ్ళు ఎవరో దానికి కనబడరు, అదీ నాకు తెలుసు. ఈ రెండూ తెలిసి కూడా ఏది మేలో చెప్పలేని దాన్ని, నన్ను పెద్దదాన్నని అడగడమెందుకు.

మొన్న చుట్టాల పెళ్లికి చర్ల వైపు పోతే తునికాకు రోజులే. చెట్ల కింద పడుచువాళ్ళు కట్టలు కడుతూనే ఉన్నారు, ఒక్కొక్కరి ఒళ్ళో ఒక్కో ఫోను, ఒక్కొక్కరి చెవిలో ఒక్కో సినిమా. ఎవరి చేతులూ ఆగడం లేదు, ఎవరూ ఎవరికీ కట్ట ఇవ్వక్కర్లేదు, పెద్దమ్మలాంటి వాళ్ళు దూరంగా కూర్చోనక్కర్లేదు. మంచిదే కదా అనుకున్నాను. ఇప్పుడు నాకు కావాలంటే ఆ హీరో బొమ్మ ఏదైనా సరే, మా మనవరాలు నిమిషంలో పెట్టిస్తుంది, మొదటి నుంచి చివరిదాకా చూడొచ్చు. మా ఆయన చెప్పిన సినిమాలు మాత్రం ఎక్కడా లేవు. అందరూ చుట్టూ కూర్చుని విన్నారు, దూరంగా కూర్చున్నవాళ్ళూ విన్నారు. అందరికంటే దగ్గరగా కూర్చున్నదాన్ని నేను. తల వంచుకుని ఆయన వాటా ఆకు కూడా కడుతూ, వచ్చిన కట్టలు చూసుకుంటూ, ఆ సినిమాల్లో ఒక్కటి కూడా పూర్తిగా వినలేదు.